గీజర్ బిగించడానికొచ్చి పైపుకి చిల్లు పెట్టినాయనకి నాలుగు స్టార్లు

ముందే చెబుతున్నా, ఈయన మా బాత్రూం గోడలో ఉన్న నీళ్ల పైపుకి డ్రిల్లుతో చిల్లు పెట్టాడు. అయినా అయిదుకి నాలుగు ఇస్తున్నా. రివ్యూలు చదివేవాళ్లు మొదట చూసేది స్టార్లే కాబట్టి అది పైనే పెట్టేశా. ఎందుకిచ్చానో కింద రాస్తున్నా, కాస్త పొడుగే అవుతుంది. పేరూ నంబరూ మాత్రం ఇక్కడ ఉండవు. "రాస్తే రాసుకోండమ్మా, పగలగొట్టిన కథలో నా పేరెందుకు" అన్నాడాయన. సరే అన్నాను.

మేం ఉండేది తిరుపతిలో, తిరుచానూరు రోడ్డు వైపు. ఈ ఊళ్లో సొంతిల్లు ఉందంటే సగం సత్రం నడుపుతున్నట్టే అని మా అత్త అంటూ ఉంటుంది. వైకుంఠ ఏకాదశి వస్తోందంటే చాలు, ఏడాదంతా ఫోన్ చెయ్యని చుట్టాలకి కూడా మేం గుర్తొస్తాం. ఈసారి మా ఆయన మేనత్త వాళ్లు మద్రాసు నుంచి ఆరుగురు, ఏకాదశికి రెండు రోజుల ముందే దిగుతామన్నారు. వాళ్లు రావడానికి ఇంకా మూడు రోజులుందనగా పాత గీజర్ అడుగు నుంచి కారడం మొదలెట్టింది. మా బోరు నీళ్లు అట్లాంటివి, బకెట్ అంచుకే తెల్లగా గట్టిగా పేరుకుంటుంది, ఇక గీజర్ లోపల ఏం పేరుకుని ఉంటుందో చెప్పక్కర్లేదు. కొత్తది కొన్నాం, 25 లీటర్లది. కంపెనీ మనిషి వచ్చి బిగించడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు కొట్లో. ధనుర్మాసం చలిలో, ఇంటినిండా చుట్టాలతో, నాలుగు రోజులు చన్నీళ్లు! అందుకని మేం ఎప్పుడూ సామాను కొనే హార్డ్‌వేర్ షాపాయన చెప్పిన మనిషిని పిలిచాం. కరెంటు పని, ప్లంబింగు రెండూ చేస్తాడు. నలభై ఏళ్లుంటాయి, వెంట ఒక కుర్రాడు. పదింటికొస్తానని పన్నెండున్నరకి వచ్చాడు, అది కూడా ఇక్కడ రాసి పెట్టుకోండి.

ఇక చిల్లు సంగతి. పాతది నిలువు గీజరు, కొత్తది చదరంగా ఉండే రకం, కొక్కేల మధ్య దూరం కలవలేదు. 25 లీటర్ల గీజరంటే లోపలి నీళ్లే 25 కిలోలు, దాని బరువు కూడా కలిపితే ముప్పై అయిదు కిలోలకి దగ్గర. పాత చిల్లుల్లోనే ఎట్లాగో సర్దితే ఎప్పుడో ఒకరోజు స్నానం చేసేవాళ్ల నెత్తిన పడుతుందని, కొత్తగా వేసి లావు బోల్టులు దిగ్గొడతానన్నాడు. అక్కడిదాకా న్యాయమే. గోడలో పైపు ఎక్కడుందో కనుక్కోడానికి ఈ పని చేసేవాళ్లకి ఒక లెక్క ఉంటుందట. నీళ్ల పాయింట్లు ఎక్కడున్నాయో చూసి, పైపు వాటికి తిన్నగా పైకో కిందికో పోయుంటుందని ఆ నిలువు గీత మొత్తం వదిలేసి పక్కన వేస్తారు. ఆయనా అట్లే వదిలాడు. కానీ మా ఇంటికి పైపులేసిన మహానుభావుడు ఏం మిగుల్చుకుందామనుకున్నాడో, చన్నీళ్ల పైపుని తిన్నగా దింపకుండా మూల నుంచి ఏటవాలుగా లాగిపెట్టాడు. మొదటి చిల్లు బాగానే పడింది. రెండోదానికి డ్రిల్లు శబ్దం మారింది, ఆయన చెయ్యి ఆగింది, బిట్టు బయటికి లాగగానే నీళ్లు ఎదురుగోడ దాకా చిమ్మాయి.

నేను అరిచాను. ఆయన అరవలేదు. తడిసిపోతూనే "మెయిన్ ఆపేయండమ్మా ముందు, కరెంటు మెయిన్" అన్నాడు. అది ఆపి వచ్చేసరికి చిల్లు మీద బొటనవేలు గట్టిగా ఒత్తిపెట్టి నిలబడి, కుర్రాణ్ణి మిద్దె మీదికి వాల్వు కట్టడానికి పంపించాడు. ఆ వాల్వు తిరగలేదు. ఇల్లు కట్టినప్పటి నుంచి దాన్ని ఎవరం ముట్టుకున్నది లేదు, ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. "అయితే ఇంట్లో ఉండే కుళాయిలన్నీ తిప్పేయండమ్మా, వంటింట్లోది, పెరట్లోది, అన్నీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఉన్న నీళ్లు చాలక ఇంకా తిప్పడమేంటి అనుకుంటూనే తిప్పాను. నీళ్లు అన్ని దార్లా పోతుంటే ఇక్కడ చిమ్మడం నిజంగానే తగ్గింది. అప్పుడు సంచిలోంచి ఒక పుల్ల తీసి, కత్తితో కొస చెక్కి, చిల్లులోకి దిగ్గొట్టాడు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా అదే మా గతి.

అంతా ఆగాక, ముఖం కూడా తుడుచుకోకుండా నా దగ్గరికి వచ్చి అన్న మాట ఇది: "నా చేత్తోనే పోయింది. బాగుచేసే ఖర్చు నాది. బిగించే కూలి కూడా వద్దు. ఇంకా ఏమన్నా తడిసుంటే చూడండి, చూసి రేప్పొద్దున చెప్పండి."

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట ఒక పెద్ద సర్వీసు కంపెనీ వాళ్లు ఏసీ శుభ్రం చెయ్యడానికొచ్చి మా వాష్‌బేసిన్ అంచు పగలగొట్టారు. వచ్చిన అబ్బాయి "ముందునుంచే ఉంది మేడం" అన్నాడు. యాప్‌లో ఫిర్యాదు పెడితే ఫొటో అడిగారు, పెడితే ఇంకో ఫొటో అడిగారు, అదీ పెడితే మూడోరోజు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఆ బేసిన్ ఇప్పటికీ అట్లే ఉంది, పళ్లు తోముకునేటప్పుడల్లా పరిష్కారం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

పైపు అతుకు అదే సాయంత్రం వేశాడు. చిల్లు ఒక్కటే కదా, దానిమీద ఏదైనా పూస్తే పోదా అనుకున్నా. పోదట. వేడినీళ్లకి కూడా వాడే ఆ మీగడ రంగు సీపీవీసీ పైపుని చిల్లు ఉన్నంత మేరా కోసి తీసి, కొత్త ముక్క పెట్టి, రెండు వైపులా కప్లింగు వేసి సొల్యూషన్‌తో అతకాలి. గోడలో బిగుసుకుపోయిన పైపు పక్కకి జరగదు కాబట్టి రెండు కొసల్నీ కొంచెం వంచేంత జాగా కావాలంటే గోడ ఇంకా పొడుగ్గా తవ్వాలి. అట్లా ఒక్క చిల్లుకి రెండు టైల్సు పోయాయి. నాకేమో చుట్టాలొచ్చే లోపల గోడ మూసెయ్యాలని తొందర. ఆయన ఒప్పుకోలేదు. "ఈ రాత్రంతా ఆరనీయండి. రేపు నీళ్లొదిలి ఒక పూటంతా చూస్తా. చెమ్మ లేకపోతేనే సిమెంటు. ఇప్పుడు మూసి మళ్లీ కారిందంటే ఈసారి మీరు నన్ను కొడతారు" అన్నాడు. కాబట్టి మద్రాసు చుట్టాలు తవ్విన గోడ చూస్తూ, గ్యాసు మీద కాచిన బకెట్ నీళ్లతో స్నానాలు చేశారు. మేనత్తగారు ఒక మాట కూడా అనలేదు, ఆవిడ ముఖమే అనాల్సింది అనేసింది.

అసలు గొడవ ఇక్కణ్ణుంచి. ఆ బాత్రూం గోడకి అవతలివైపు మా పడగ్గది కబోర్డు. రాత్రి దుప్పట్లు తీద్దామని తెరిస్తే అడుగు అరలో నీళ్లు. కింద పెట్టిన చీరల్లో రెండు తడిసిపోయాయి. ఒకటి వెంకటగిరిది, అది పర్వాలేదు, ఇంకోటి నా పెళ్లినాటి ధర్మవరం పట్టు, అంచు ఎరుపు ఒంటిమీదికి పాకిపోయింది. తలుపు కింది అంచుకి అంటించిన సన్మైకా లేచింది. అడుగు చెక్క ఉబ్బి, నల్లబడి ఉంది.

మా ఆయన రాత్రికి రాత్రే కాగితం తీసి లెక్క రాశాడు. తెలిసిన వడ్రంగికి ఫొటోలు పంపితే కబోర్డు కింది సగం మొత్తం మార్చాలి, 16,500 అన్నాడు. చీరలకి 5,000. టైల్సు రెండే మారిస్తే అతుకులా కనిపిస్తుంది కాబట్టి ఆ గోడ మొత్తం, 8,000. కూడితే 29,500. పైగా ఇవ్వనంటే 1915కి ఫోన్ చేస్తానని కూడా ఒక లైను. అది వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. మా ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు, డబ్బు తీసుకుని చేసే ఏ పనిలో లోపం జరిగినా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. కానీ నష్టం ఎంత, అది ఎవరివల్ల అనేది మనమే చూపించాలి. ఆ "ఎవరివల్ల" దగ్గరే మా కాగితం చిరిగింది.

అదే ఊపులో మా ఆయన ఇంటి లోన్ ఫైలు కూడా తీశాడు. ఇంటికి ఇన్సూరెన్స్ ఉండాలి కదా అని. 2021 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో పైపులు, ట్యాంకులు పగిలి నీళ్లు పొంగితే జరిగే నష్టం కూడా ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. మాకూ అప్పుడే తెలిసింది. మా పాలసీ గడువు అయిపోయి పద్నాలుగు నెలలైందని కూడా అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున చిల్లు పెట్టినాయన వచ్చాడు. కాగితం తీసుకుని నిలబడే చదివాడు, రెండోసారి మళ్లీ చదివాడు. ఏం తిట్టలేదు, "ఇంత మొత్తమా" అని కూడా అనలేదు. కబోర్డు దగ్గర కింద కూర్చుని, అడుగు చెక్క మీద స్క్రూడ్రైవర్ కొసతో గీకాడు. వెనక గోడ మీద కూడా గీకాడు. తెల్లగా పొడి రాలింది. "చూడండమ్మా, ఇది ఉప్పు. చెమ్మ దిగి ఆరి, మళ్లీ దిగి ఆరి, అట్లా నెలలకి నెలలు అయితేనే గోడ ఉప్పు పూస్తాది. నిన్న మధ్యాన్నం నీళ్లకి ఈ పొద్దుటికి పుయ్యదు. చెక్క నల్లబడిండేది కూడా పాతదే. ఆ తలుపు అంచు లేచిండేది నాది, అది నేనిస్తా. చీరలు నావి. ఈ అడుగు నాది కాదు."

మా ఆయన గొంతు లేచింది. నాదీ లేవాల్సింది. కానీ నేను ఆ అరలో పరిచిన పేపరు వైపు చూస్తున్నా. చీరల కింద పరిచిన పాత దినపత్రిక, దానిమీద రెండు మరకలు. ఒకటి నిన్నటిది, ఇంకా తడిగా ఉంది. రెండోది గోధుమరంగు వలయం, ఎప్పుడో ఆరిపోయి పేపరు గట్టిపడిపోయి ఉంది. 2021 నవంబరులో ఊరంతా మునిగిన ఆ వానలకి మా వెనక గోడ మొదటిసారి చెమ్మగిల్లింది. అప్పటి నుంచి వానాకాలం వచ్చిందంటే ఆ అరలో ముక్క వాసన. నేనే పేపరు పరిచి, కలరా ఉండలు వేసి, తలుపు మూసేసి బతుకుతున్నా. రాత్రి ఆ 16,500 రాస్తున్నప్పుడు నాకు ఇది గుర్తు రాలేదు అని చెప్పను. గుర్తొచ్చింది. ఊరుకున్నాను. ఎట్లాగూ మార్చాల్సిందే కదా, దీంట్లో కలిసిపోతుంది అనుకున్నాను.

"అది పాతదేలెండి" అన్నాను. మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఇంకోటి కూడా అదే రోజు బయటపడింది. ఇల్లు కట్టేటప్పుడు ఫొటోలు తీశాం కదా అని మా అబ్బాయి బెంగళూరు నుంచి వెతికి పంపాడు, 2019వి. పూత పడకముందు బాత్రూం గోడ, దానిమీద మీగడ రంగు పైపు ఏటవాలుగా పోతూ స్పష్టంగా ఉంది, దాని ముందు మా మరిది చేతులు కట్టుకుని పోజు. అంటే చిల్లు పెట్టకముందు ఆ ఫొటో ఎవరైనా చూసుంటే ఈ రివ్యూ ఉండేదే కాదు. ఆయన అడగలేదు, అది ఆయన తప్పు. మా దగ్గర ఉందని మాకే తెలియదు, అది మాది. ఇల్లు కడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పూత పడకముందు ప్రతి గోడనీ టేపు పెట్టి ఫొటో తీసుకోండి. దయచేసి ముందు మరుదుల్ని నిలబెట్టకండి.

చివరికి తేలింది ఇట్లా. గీజర్ బిగింపు కూలి 700, తీసుకోలేదు. పైపు, కప్లింగులు, తవ్వడం మూయడం ఆయన ఖర్చే. వెంకటగిరి చీర పాలిష్ 350. పట్టుచీరకి పాకిన ఎరుపు పోదని చెప్పేశారు, చీర మొత్తం ముదురు మెరూన్ వేయిస్తే మరక కలిసిపోతుందంటే వేయించాను, 900, రెండూ ఆయనే ఇచ్చాడు. ఇరవై రెండేళ్ల చీరకి కొత్త ధర అడగడానికి నాకు నోరు రాలేదు, మా ఆయనకి వచ్చింది కానీ నేను రానివ్వలేదు. తలుపు సన్మైకా 1,800 ఆయనది. కబోర్డు అడుగు మాది. టైల్సు మా డిజైన్ దొరకలేదు, రేణిగుంట రోడ్డులో మూడు షాపులు తిరిగితే దగ్గరగా ఉండే రంగు ఒకటి దొరికింది, కానీ రెండు విడిగా ఇవ్వరు, పెట్టె మొత్తం కొనాలి. టైల్సూ బేల్దారి కూలీ కలిపి 1,900 అయింది. ఆ పైపు అడ్డదిడ్డంగా వేయించింది మేమే కదా అని ఇందులో సగం మేం పెట్టుకుంటాం అన్నాను. ఆయన వద్దంటాడేమో, బతిమాలాల్సి వస్తుందేమో అనుకున్నా. "సరేనమ్మా" అని వెంటనే ఒప్పుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అది నాకు నచ్చింది. దేవుడిలాంటి మనిషి అని రాయాల్సిన పని తప్పింది. మొత్తం మీద మా చేతికి ఇచ్చింది 4,000, అందులో 2,500 ఆరోజే ఫోన్‌పే చేశాడు, మిగతా 1,500 పది రోజులకి, అడక్కుండానే. మా కాగితంలో 29,500 ఉందని మర్చిపోకండి. నేను ఆ కాగితం చించేశాను.

ఇక తగ్గించిన ఆ ఒక్క స్టారు గురించి. డ్రిల్లు పెట్టేముందు "పైపు ఎక్కడ పోయిందో తెలుసా" అని ఒక్క మాట అడగకపోవడం, అసలు తప్పు అదే, దానికే సగం స్టారు. టైల్సు వేస్తానన్న రోజు ఒకటి, వచ్చిన రోజు ఒకటి, ఏకాదశి రద్దీలో లాడ్జీల పని ఎక్కువగా ఉందని తొమ్మిది రోజులు లాగాడు, అందులో రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, ఆ రెండు రోజులు మా ఆయన "చూశావా, నేను చెప్పలా" అని తిరుగుతూనే ఉన్నాడు. బేల్దారి పోయాక గచ్చు మీద సిమెంటు నేనే గీక్కున్నాను. బిల్లు అనేది లేదు, అన్నీ నోటి మాటే. మాకు సరిపోయింది, మీకు రాతలో కావాలంటే ముందే రాయించుకోండి. వీటన్నిటికీ మిగతా సగం.

పని నాణ్యత గురించి కూడా చెప్పాలిగా. గీజరు గట్టిగా ఉంది, పట్టుకుని ఊపి చూశాం. అతుకు దగ్గర ఇప్పటికి మూడు నెలలు, చెమ్మ లేదు. పోతూ పోతూ మిద్దె మీద ఆ బిగుసుకుపోయిన వాల్వు మార్చి, నెలకొకసారన్నా తిప్పి కట్టి మళ్లీ తిప్పండమ్మా అని చెప్పాడు, దానికి విడిగా డబ్బు తీసుకున్నాడు, అది మా వాల్వే కాబట్టి. గీజర్ లోపల ఒక కడ్డీ ఉంటుందట, ఉప్పు నీళ్లకి ట్యాంకు బదులు అది తినిపోతుందట, ఏడాదికొకసారి తీసి చూసి అరిగితే మార్చుకుంటే ట్యాంకు నిలుస్తుందని చూపించాడు. పాత గీజర్‌ది తీసి చేతిలో పెడితే పెన్సిల్ ముక్కంత మిగిలింది. దాని గురించి అన్నేళ్లు ఎవరూ మాకు చెప్పలేదు, కంపెనీ మనుషులతో సహా.

కొత్త టైల్సు రెండూ రంగు కలవలేదు, తలుపు తియ్యగానే తెలుస్తాయి. వాటి మీద పైపు పోయే దారి ఆయన నల్ల మార్కర్‌తో ఏటవాలుగా గీసి వెళ్లాడు, ఇంకెవరూ అక్కడ చిల్లు పెట్టకుండా. మా అత్త దాన్ని రెండుసార్లు తుడవబోతే నేను ఆపాను.

పోయిన వారం వంటింట్లో నీళ్ల ఫిల్టర్ బిగించాలని ఫోన్ చేశాను. హలో కూడా అనలేదు. "ఫొటో ఉండాదా అమ్మా? ఆ గోడది?"

ఉంది. ఈసారి దాని ముందు నిలబడింది నేనే.